సర్వే సంగతి సరే, ముందు అమ్మకు చెవులు చూపించండి

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. నాన్న పోయాక హనుమకొండలో ఒక్కతే ఉంటోంది. నాది హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడాదిగా గుడికి పోవడం మానేసింది, చెప్పిందే మళ్లీ అడుగుతోంది. ఈమధ్య వృద్ధుల ఆరోగ్యంపై పరిశోధన అంటూ ఇద్దరు వచ్చి రక్తం ఇస్తారా, సంతకం పెడతారా అని అడిగారట. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోవచ్చమ్మా, వివరాలన్నీ తెలుసుకున్నాకే. మన దేశంలో 2017–18లో పెద్దవాళ్ల ఆరోగ్యం, బతుకుతెరువు మీద జరిగిన ‘లాసీ’ సర్వేలో 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా పాల్గొన్నారు. చేతి పట్టు చూశారు, వేలి కొస నుంచి రక్తపు చుక్కలు తీసుకున్నారు. అలా ఇంటింటికీ తిరిగితేనే మన పెద్దవాళ్ల కష్టాలు లెక్కకొస్తాయి. అయితే ఎవరి తరఫున వచ్చారో, పరిశోధన సరైన పద్ధతిలో జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో లేదో అడగండి. అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించాలి. ఇష్టం లేకపోతే మధ్యలోనే మానుకునే హక్కు అమ్మకు ఉంది. డబ్బు కట్టమన్నా, ఓటీపీ అడిగినా పంపించేయండి.

కానీ సర్వేతో వైద్యం జరగదు. నన్ను ఆలోచనలో పడేసింది ఆమె గుడి మానేయడం. నా దగ్గరికి ఒక పెద్దావిడను మతిమరుపు అని తీసుకొచ్చారు. నేను ‘అన్నం తిన్నవా అవ్వా’ అంటే ‘మొన్ననే వచ్చిన బిడ్డా’ అంది. చూస్తే రెండు చెవుల్లో గుబిలి గడ్డకట్టి ఉంది. తీయించాక బస్సు హారన్‌కు ఉలిక్కిపడి నవ్వింది. వినపడని మనిషి నలుగురిలో కూర్చోవడానికి సిగ్గుపడుతుంది, మెల్లగా ఇంటికే పరిమితమవుతుంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ముప్పు పెంచే 14 కారణాలను 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. వాటిలో వినికిడి లోపం, చూపు తగ్గడం, ఒంటరితనం కూడా ఉన్నాయి.

అందుకే చెవులు, కళ్లు చూపించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు చూసే ఈఎన్‌టీ విభాగం ఉంది. విటమిన్ బీ12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి, కొన్ని నిద్రమాత్రల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. భర్త పోయిన దిగులు కూడా మతిమరుపులా కనిపిస్తుంది, డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి. ఉన్నట్టుండి తికమకపడినా, మాట తడబడినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తోడు విషయానికొస్తే, మీరు రోజూ ఫోన్ చేయడం మంచిదే, కానీ అది పక్కింటావిడ వచ్చి కూర్చున్నట్టు కాదు. వాడకట్టులో ఎవరినైనా బతిమాలి, వారానికి రెండు పొద్దులు భద్రకాళి గుడికో, వడ్డేపల్లి చెరువు గట్టుకో అమ్మను వెంట తీసుకెళ్లమనండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, డబ్బులేం పడవు. ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.