60 శాతం పూడికకు స్టెంట్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 57. బీపీకి మందు వాడుతున్నాను. మెట్లెక్కితే ఛాతీలో బరువుగా ఉంటోందని చెబితే యాంజియోగ్రామ్ చేశారు. ఎడమవైపు రక్తనాళంలో 60 శాతం పూడిక ఉందట. ఒక డాక్టర్ స్టెంట్ వేయించుకోమన్నారు. ఇంకొకరు మందులు చాలన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చెప్పారని అనుకోకండి. పూడిక 30 శాతం ఉంటే స్టెంట్ మాటే రాదు, 90 దాటితే పెద్దగా చర్చ ఉండదు. చిక్కంతా మీలాగా 40 నుంచి 70 మధ్య ఉన్నవారితోనే. యాంజియోగ్రామ్‌లో మాకు కనిపించేది రక్తనాళంలోకి ఎక్కించిన డై నీడ. ఆ నీడ ఎంత సన్నబడిందో చూసి, చాలాసార్లు కంటి అంచనాతోనే శాతం చెబుతాం. ఒకే సీడీ చూసి ఒకరు 50 అని, ఇంకొకరు 70 అని రాయడం మాకు కొత్తేమీ కాదు.

అసలు తేలాల్సింది పూడిక దాటాక గుండె కండరానికి రక్తం సరిపడా అందుతోందా అన్నది. దీన్ని ఎఫ్‌ఎఫ్‌ఆర్ పరీక్షతో కొలవొచ్చు. యాంజియోగ్రామ్ చేసిన దారిలోనే సన్నని ప్రెషర్ వైరును పూడిక అవతలి దాకా పంపిస్తారు. పూడికకు ముందు ప్రెషర్ 100 ఉండి, తర్వాత 86 ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఆర్ 0.86. ఇది 0.80 దాటితే సాధారణంగా ఆ పూడికను మందులకే వదిలేయొచ్చు. 0.80 లేదా అంతకన్నా తగ్గితే రక్తానికి నిజంగానే అడ్డుపడుతోందని అర్థం. కొలిచేటప్పుడు ఇచ్చే అడినోసిన్ మందు వల్ల ఒకట్రెండు నిమిషాలు ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి అందనట్టు ఉంటుంది. భయపడకండి, మందు ఆపగానే తగ్గిపోతుంది. అడినోసిన్ అవసరంలేని ఐఎఫ్‌ఆర్ పద్ధతి కూడా ఉంది. అందులో హద్దు 0.89.

2009లో వెలువడిన ఫేమ్ అధ్యయనంలో 50–70 శాతంగా కనిపించిన పూడికల్లో సుమారు మూడో వంతు మాత్రమే 0.80 లేదా అంతకన్నా తక్కువ చూపించాయి. యాంజియోగ్రామ్ ఒక్కటే చూసి వేసినవారికన్నా ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూసి స్టెంట్లు వేసినవారికి తక్కువ స్టెంట్లు పడ్డాయి, ఏడాదిలో ఇబ్బందులూ తక్కువే. అందుకే మీ విషయంలో ఈ పరీక్ష చేయకుండా స్టెంట్‌కు తొందరపడొద్దనే నేనంటాను.

అయితే ఇదంతా నిలకడగా ఉన్న నొప్పికే. కూర్చున్నా, పడుకున్నా నొప్పి వస్తున్నా, రోజురోజుకూ తక్కువ శ్రమకే వస్తున్నా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. పూడిక ఎడమ ప్రధాన రక్తనాళం మొదట్లోనే ఉంటే 50 శాతాన్ని కూడా తేలిగ్గా తీసుకోం. మీ రిపోర్టులో 'లెఫ్ట్ మెయిన్' (ఆ ప్రధాన రక్తనాళం) అని ఉందా, 'ఎల్ఏడీ' (దాని నుంచి చీలే కొమ్మ) అని ఉందా చూడండి. రెండూ ఎడమవైపువే గానీ లెక్క వేరు.

స్టెంట్ వేయకపోతే గుండెపోటు వస్తుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. స్టెంట్ ఆ ఒక్క చోటనే తెరుస్తుంది. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు అన్ని రక్తనాళాలకూ పనిచేస్తాయి. నిలకడగా ఉన్నవారిలో మందులతో మొదలుపెట్టినా, ముందే స్టెంట్ లేదా బైపాస్ చేసినా మరణాలు, గుండెపోట్లు మొత్తమ్మీద పెద్దగా మారలేదని 2020లో ఇస్కీమియా అధ్యయనం చూపింది. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంట్, బైపాస్‌లదే పైచేయి. మందులు సరిగ్గా వాడుతున్నా మెట్లెక్కితే బరువు తగ్గక, ఎఫ్‌ఎఫ్‌ఆర్ కూడా తక్కువగా వస్తే స్టెంట్ వేయించుకోవడమే మంచిది. వేయించుకున్నాక రక్తం పలచబరిచే రెండు మందులు కనీసం కొన్ని నెలలు వాడాలి, డాక్టర్‌ను అడగకుండా ఒక్క రోజూ మానకూడదు.