మట్టే లేని లావా మీద మొక్క ఎట్లా బతుకుతుంది?

ప్రశ్న: నమస్తే సార్, మాది తిరుపతి. మొన్న మా పాపతో అలిపిరి మెట్లెక్కుతుంటే బండ పగుల్లో ఒక మొక్క కనబడింది, కింద చూస్తే పిడికెడు మట్టి కూడా లేదు. పాప ఏదో వీడియోలో అగ్నిపర్వతం మీద చెట్లు చూసిందంట, మన కొండ కూడా అగ్నిపర్వతమేనా నాన్నా అనింది, నాకు తెలీక మాట మార్చేసినా. ఇంకోటి, నర్సరీలో లావా రాయి అని అమ్ముతున్నారు, కుండీలో వేస్తే మొక్కకి బలమా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు పాప ప్రశ్న, ఎందుకంటే అది చాలా మంచి ప్రశ్న. తిరుమల కొండలు అగ్నిపర్వతాలు కావమ్మా. కోట్ల ఏళ్ల కిందటి ఇసుక గట్టిపడి అయిన క్వార్ట్జైట్ రాయి అది, ఎర్రచందనం పెరిగేది కూడా అట్లాంటి రాతినేలలోనే.

ఇక పాప వీడియోలో చూసిన అగ్నిపర్వతం సంగతి, అది కక్కిన లావా మీద మొక్కకి కష్టాలు చాలా. చల్లారిన లావాలో ఖనిజాలుంటాయి గానీ నత్రజని దాదాపు ఉండదు, వాన పడినా నీళ్లు పగుళ్లలోంచి కిందికి జారిపోతాయి, పైన నల్లరాయి ఎండకి పెనంలా కాలుతుంది. అందుకే చాలాచోట్ల ముందు లైకెన్లు (రాతి మీద పొరలా అంటుకుని పెరిగేవి), నాచులు వస్తాయి, గాలి తెచ్చిన దుమ్ము పగుళ్లలో చేరుతుంది, ఆ కాస్త దాంట్లో ఒక విత్తనం పడుతుంది. పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల్లో అట్లా ముందుగా వచ్చే చెట్టు ఓహియా లెహువా, మన నేరేడు కుటుంబమే, ఎర్రగా కుచ్చులాంటి పూలు. అగ్నిపర్వతం నుంచి విషవాయువు వచ్చినప్పుడు ఆకుల మీది సన్న రంధ్రాలు మూసుకుంటుంది, మనం ముక్కు మూసుకున్నట్టే.

నత్రజని సంగతి మన జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, శెనిక్కాయ చెట్టు పీకితే వేర్లకి బుడిపెలు కనబడతాయి కదా, వాటిల్లోని బ్యాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి చెట్టుకి ఇస్తుంది. 1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ అనే అగ్నిపర్వతం పేలి, దాని ఉత్తరం పక్క మైదానంలో బూడిద, నురగరాయి తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు, అక్కడ ముందుగా నిలబడిన వాటిల్లో లూపిన్ అనే చిన్న మొక్క ఒకటి, దానికీ అవే బుడిపెలు. అది చచ్చి కుళ్లితే ఆ చోట ఇంకో మొక్కకి ఎరువు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మాత్రం హలేకాల సిల్వర్‌స్వోర్డ్ అనే మొక్క. హవాయిలోనే మావీ దీవిలో, 3,055 మీటర్ల హలేకాల అగ్నిపర్వతం మీద మాత్రమే ఉంటుంది, పొద్దుతిరుగుడు కుటుంబం. పగలు మండే ఎండ, రాత్రి మంచు గడ్డకట్టే చలి. బంతిలా గుండ్రంగా, కత్తుల్లాంటి ఆకులు, వాటి నిండా వెండి నూగు, ఆ నూగే ఎండని వెనక్కి కొడుతుంది, ఆకు లోపల జిగురులో నీళ్లు దాచుకుంటుంది. ఇరవై నుంచి తొంభై ఏళ్ల దాకా అట్లనే కూర్చుని ఒకే ఒక్కసారి, నిలువెత్తు కాడతో, వందల పూలు పూసి చచ్చిపోతుంది. అంత ఓపిక ఉన్న మొక్కని మేకలు మేసేసినాయి, జనం పీక్కునిపోయినారు, ఒకప్పుడు అంతరించేదాకా వచ్చింది, తర్వాత చట్టం చేసి కంచెలు కట్టి కాపాడుకున్నారు. దాని వేర్లు లోతుకి పోవు, పక్కన అడుగేస్తేనే నలిగిపోతాయి. ఇది చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది. మెట్ల పక్క మొక్కలు కూడా అంతే సార్, పాపకి చూపించండి, పీకనివ్వద్దు.

ఇక లావా రాయి. అది బలం మందు కాదు, అందులో సన్న సన్న బొక్కలుంటాయి, వాటిల్లో కాస్త తేమా గాలీ నిలిచి వేర్లు కుళ్లకుండా ఉంటాయి, అంతే. కలబంద, ఎడారి గులాబీ లాంటి వాటికి మట్టిలో నాలుగో వంతు కలపండి చాలు, పశువుల ఎరువు మాత్రం మానొద్దు.