సర్వీసుకి సర్వీసుకి మధ్య కారులో మనమే ఏమేం చూసుకోవాలి?

నెలకోసారి, పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు, ఓ పది నిమిషాలు పెట్టండి చాలు.

ముందు ఇంజిన్ ఆయిల్. బండి చదునైన చోట ఉండాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే సన్నని కడ్డీ) బయటికి తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి దింపి తీస్తే ఆయిల్ తడి రెండు గుర్తుల మధ్య కనిపించాలి, కింది గుర్తు కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా పోయించండి. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే అందులో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కలిసిందేమోనని అనుమానించాలి, అప్పుడు బండి అసలు కదపొద్దు, మెకానిక్‌నే పిలిపించండి.

కూలెంట్ ఎంతుందో ఇంజిన్ పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకులో బయటికే కనిపిస్తుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూత ముట్టుకోకండి, మరిగే నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. ఒక మే నెలలో సూర్యాపేట దాటాక మా బండి టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, చూస్తే ఒక హోస్ క్లిప్పు వదులై కూలెంటంతా కారిపోయింది. ముందురోజు ఆ ట్యాంకు వైపు ఒక్క చూపు చూసుంటే పిల్లలతో ఎండలో రెండు గంటలు నిలబడేవాళ్లం కాదు.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే వాటిలో గాలి కొలవాలి, ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే ఇక మార్చేయాల్సిందే. స్టెప్నీని మర్చిపోవద్దు.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి మామూలుగా రెండేళ్లకోసారి మార్పించాలి. బ్రేక్ నొక్కితే గీరుతున్న శబ్దం వస్తే ఆ వారమే ప్యాడ్లు చూపించండి.