అమెరికా చదువులకు వెళ్ళే పిల్లలకు సలహాలివ్వడంలో తృప్తి ఉంటుందా?

విజయనగరంలో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతున్నాననీ, ఎంఎస్‌కి వెళ్ళే పిల్లలకు అప్లికేషన్లలో సాయం చేసే పని మొదలుపెట్టాలనుందనీ, అందులో తృప్తి ఉంటుందా అనీ అడిగారు. ఉంటుందండీ. పదకొండేళ్ళుగా శ్రీకాకుళంలో నేను చేస్తున్నది ఇదే.

అడ్మిట్ వచ్చిన రోజు స్వీట్లు పట్టుకొస్తారు. ఆ సంతోషం వాళ్ళది. నా సంతోషం అంతకు కొన్ని నెలల ముందే, ఎస్ఓపీ, అంటే ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో యూనివర్సిటీకి చెప్పే వ్యాసం, రాయించేటప్పుడు దొరుకుతుంది.

పలాస నుంచి ఒక ఈసీఈ అమ్మాయి వచ్చేది. ఆదివారం పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి ఆటోలో. తను తెచ్చిన మొదటి ఎస్ఓపీ ‘చిన్నప్పటి నుంచీ నాకు టెక్నాలజీ అంటే ప్రాణం’ అని మొదలైంది. ఆ వాక్యం ఎన్ని వందలసార్లు చదివానో! కాగితం పక్కన పెట్టి, ఫైనలియర్ ప్రాజెక్టు ఏం చేశావమ్మా అన్నాను. తలొంచుకుని "ఫెయిలైంది సార్" అంది.

జీడిపిక్కల్లో తేమ కొలిచే చిన్న సెన్సర్ చేసిందట. వాళ్ళమ్మ జీడి ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పిక్కలు గుప్పిట్లో పట్టుకుని గలగలలాడించి, ఎండాయో లేదో చెప్పేస్తుందట. "నా సెన్సర్ మాత్రం వానాకాలమంతా ఒకటే రీడింగ్ చూపించింది సార్." ఎందుకలా అని అడిగాను. అంతే, లేచి బోర్డు మీద బొమ్మ గీసి నలభై నిమిషాలు చెప్పింది. గాలిలో తేమ ఏదో, పిక్క లోపలి తేమ ఏదో సెన్సర్ పోల్చుకోలేకపోయిందట. ఇదే రాయమన్నాను. "ఫెయిలైందని రాస్తే సీటిస్తారా సార్?" అంది. నాలుగు ఆదివారాలు కూర్చుని రెండు పేజీలు తనే రాసుకుంది. నేను ఒక్క వాక్యం కూడా రాసివ్వలేదు.

అడ్మిట్‌తో పాటు అసిస్టెంట్‌షిప్, అంటే యూనివర్సిటీలో పని చేస్తూ చదువుకోవడానికి వాళ్ళిచ్చే ఆర్థిక సాయం, కూడా వచ్చింది. వెంటనే ఒప్పుకోకపోతే పోతుందేమోనని ఒకటే టెన్షన్. అక్కడి చాలా యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్‌కు జవాబివ్వడానికి ఏప్రిల్ 15 దాకా గడువిస్తామని ఒప్పుకుని ఉన్నాయి. తన యూనివర్సిటీ కూడా ఆ జాబితాలో ఉందని చూపించాక గానీ కుదుటపడలేదు.

వద్దని చెప్పాల్సిన రోజులూ ఉంటాయి. టెక్కలి వైపు నుంచి ఒక రైతు కొడుకుని తీసుకొచ్చాడు. "మాకేటి తెల్దు మాస్టారూ. మా గుంటడికి మీరే దారి సూపాల. పొలం అమ్మేద్దుం" అన్నాడు. కుర్రాడికి బ్యాక్‌లాగులు, అంటే పాసవ్వాల్సిన సబ్జెక్టులు, ఇంకా ఉన్నాయి, ఏం చదవాలో తనకే తెలీదు. పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టేస్తాడని ఎవరో నమ్మించారు. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదని, ఆ డబ్బు తిండికీ అద్దెకే చాలీచాలకుండా ఉంటుందని కాగితం మీద లెక్కేసి చూపాను. ఈ ఏడు ఆగండి అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, టీ చల్లారిపోయింది. కుర్రాడు ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. పొలం ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది. సంక్రాంతికి ఆయన ఫోన్ వస్తే ఆ రోజంతా నాకు హాయిగా ఉంటుంది.

మొదలుపెట్టే ముందే ఎవరి డబ్బు తీసుకుంటారో తేల్చుకోండి. మనం పంపిన ఒక్కో విద్యార్థికి ఇంత అని కొన్ని యూనివర్సిటీలు మనకు కమిషన్ ఇస్తాయి. అమెరికాలోని విద్యార్థుల విషయంలో అక్కడి చట్టం దీన్ని ఒప్పుకోదు, విదేశీ విద్యార్థులకు మినహాయింపు ఉంది. మా తమ్ముణ్ణి ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అలా కమిషనిచ్చే కాలేజీకే పంపారు. ఏడాది తిరక్కుండా వేరే చోటికి మారాల్సి వచ్చింది. నేను ఈ పనిలోకి వచ్చిందే అందుకు. పిల్లల దగ్గర ఫీజు తప్ప ఇంకెవరి దగ్గరా పైసా తీసుకోను.

కాలేజీ ఉద్యోగం మొదటి ఏడాది మానకండి. అమెరికా విదేశాంగ శాఖ నడిపే ఎడ్యుకేషన్‌యూఎస్ఏలో సమాచారం ఉచితం, ముందు అదంతా చదవండి. డిసెంబరు, జనవరి నెలల్లో డెడ్‌లైన్ల వల్ల నిద్ర ఉండదని ఇంట్లో వాళ్ళకి ఇప్పుడే చెప్పుంచండి. ఏదైనా ఆదివారం శ్రీకాకుళం రండి. ఆ పలాస అమ్మాయి మొదటి డ్రాఫ్టు, చివరి డ్రాఫ్టు రెండూ తనని అడిగే దాచుకున్నాను, చూద్దురుగాని.