డూమ్స్‌డే మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు? హైదరాబాద్‌లో ఎక్కడ, ఏ భాషలో చూడాలి?

మీరు అడిగినవి మూడు. 2026 డిసెంబరు 18న రావాల్సిన మార్వెల్ సినిమా ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ నుంచి ఏం ఆశించవచ్చు, కామిక్స్ చదవనివాళ్లు ముందుగా ఏవి చూసుకోవాలి, మన ఊళ్లో ఏ థియేటర్లో ఏ భాషలో చూస్తే బాగుంటుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఆశంతా విలన్ డాక్టర్ డూమ్ పాత్ర మీద పెట్టుకోండి, పాత హీరోల ఎంట్రీల మీద వద్దు. టికెట్ మొదటి వారానికే తీసుకోండి, 2డీలోనే తీసుకోండి. భాష సంగతి మాత్రం ఒక్క గొంతు మీద ఆధారపడి ఉంది, అది కింద చెప్తాను.

ఎంట్రీల మీద ఆశ ఎందుకు వద్దంటే, లెక్క కుదరదు. 2025 మార్చిలో నటుల పేర్లు రాసిన కుర్చీలు ఒక్కొక్కటే చూపిస్తూ గంటలకొద్దీ లైవ్ నడిపారు కదా, అందులోనే 27 పేర్లున్నాయి. పాత ఎక్స్‌మెన్ బ్యాచ్ (ప్యాట్రిక్ స్టీవార్ట్, ఇయాన్ మెకెల్లన్, జేమ్స్ మార్స్‌డెన్ వగైరా), ఫెంటాస్టిక్ ఫోర్, థండర్‌బోల్ట్స్, వకాండా వాళ్లు అందరూ ఉన్నారు. సినిమా పాత అవెంజర్స్ సినిమా ‘ఎండ్‌గేమ్’ అంత, అంటే 181 నిమిషాలు ఉంటుందనుకుందాం. సమానంగా పంచితే మనిషికి ఏడు నిమిషాలు కూడా రావు. అందులో డూమ్‌కి కనీసం అరగంట ఇవ్వకపోతే కథే నిలబడదు. కాబట్టి మీకిష్టమైన హీరోకి ఒక మంచి షాట్, రెండు డైలాగులు దక్కితే అదే పదివేలు. సైక్లాప్స్‌కి (మార్స్‌డెన్ పాత్ర) ఈసారైనా న్యాయం జరగాలని కోరుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ కోరిక న్యాయమైనదే. కానీ టికెట్ డబ్బులు దాని మీద పెట్టకండి.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. దీని తర్వాతి భాగం ‘సీక్రెట్ వార్స్’కి 2027 డిసెంబరు 17 తేదీ ప్రకటించారు. రెండింటికీ దర్శకులు రూసో సోదరులే. అంటే ఇది సగం కథ. ‘ఇన్ఫినిటీ వార్’ చివర్లో జనం నోరు తెరుచుకుని కూర్చున్నట్టే ఈసారీ కూర్చోవాల్సి రావచ్చు. ముగింపు తేలలేదని హాల్లోంచి తిట్టుకుంటూ బయటికి రాకుండా ఉండాలంటే ఈ మాట ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు డూమ్. తెరమీద ఇప్పటిదాకా ఈ పాత్రను సరిగ్గా తీసినవాళ్లు లేరు. 1962లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ కామిక్ 5వ సంచికలో వచ్చిన మనిషి ఇతను. చిన్న దేశం లాట్వేరియా, అక్కడి రోమా కుటుంబం. తల్లి మంత్రవిద్య చేసి మెఫిస్టో అనే దెయ్యం చేతికి చిక్కింది. ఆమె ఆత్మను విడిపించడానికే కొడుకు అటు సైన్సు, ఇటు మంత్రం రెండూ నేర్చుకున్నాడు. కాలేజీలో యంత్రం తయారుచేస్తుంటే ‘నీ లెక్క తప్పింది’ అని రీడ్ రిచర్డ్స్ (తర్వాత ఫెంటాస్టిక్ ఫోర్‌కి నాయకుడయ్యేవాడు) చెప్పాడు. వినలేదు, యంత్రం పేలింది, మొహం కాలింది. ఆ తర్వాత టిబెట్‌లో సన్యాసుల దగ్గర కవచం చేయించుకుని, లోహం చల్లారకముందే ముసుగు మొహానికి తొడుక్కున్నాడు. అహంకారం, తల్లి మీద ప్రేమ, రీడ్ మీద అసూయ కలిస్తేనే డూమ్. 2005లో వచ్చిన సినిమాలో ఇతన్ని ఒక కంపెనీ అధిపతిని చేసి, హీరోలతో పాటే అంతరిక్షంలో శక్తులు వచ్చినట్టు పెట్టారు. 2015 దాంట్లోనూ ప్రమాదంలో శక్తులు పొందినవాడిగానే మిగిలాడు. రెండుచోట్లా దెబ్బతిన్నది ఒకే దగ్గర. శక్తి ఎవరో ఇచ్చింది అయితే అతను మామూలు విలన్, సొంతంగా సంపాదించుకున్నది అయితేనే డూమ్. కాబట్టి కొత్త సినిమాలో మొదటి అరగంటలో మీరు చూడాల్సింది ఇదే. లాట్వేరియా కనిపిస్తోందా, తల్లి ప్రస్తావన ఉందా, రీడ్‌తో పాత లెక్క ఉందా? మూడింట్లో రెండున్నా గట్టి సినిమా తీశారని నమ్మొచ్చు.

ఒకప్పుడు ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్‌గా చేసిన రాబర్ట్ డౌనీ జూనియరే ఇప్పుడు డూమ్. మళ్లీ ఆ మొహమే ఎందుకు అన్న ప్రశ్న అందరిదీ. ‘టోనీ స్టార్కే డూమ్ అయ్యాడు’ అన్న థియరీ మన తెలుగు ఫ్యాన్స్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నా మటుకు అది నచ్చదు. ‘ఎండ్‌గేమ్’లో టోనీ చేసిన ప్రాణత్యాగానికి ఉన్న విలువంతా దాంతో పోతుంది. కామిక్స్‌లో ఈ ఇద్దరికీ దగ్గరి ముడి లేకపోలేదు. 2016లో వచ్చిన ‘ఇన్ఫేమస్ ఐరన్ మ్యాన్’లో డూమే ఐరన్ మ్యాన్ కవచం వేసుకుని మంచిపనులు చేయబోతాడు. కానీ అక్కడ ఇద్దరూ వేరు మనుషులు. ముసుగు మొహం మీద ఉన్నంతసేపూ ఎవరి మొహమన్నది కథకి అడ్డం కాదు. దర్శకులు ముసుగు ఎన్నిసార్లు తీయిస్తారన్నదే నాకున్న భయం. స్టార్‌కి కోట్లు ఇచ్చి మొహం దాచేయడానికి ఏ స్టూడియోకీ మనసు రాదు.

చదవాలనుకుంటే జొనాథన్ హిక్‌మన్ రాసిన 2015 నాటి ‘సీక్రెట్ వార్స్’, తొమ్మిది సంచికలు. దానికంటే ముందు అదే రచయిత ‘న్యూ అవెంజర్స్’ మొదటి కొన్ని సంచికలు చదివితే ‘ఇన్‌కర్షన్’ అంటే ఏంటో తేలిపోతుంది. రెండు విశ్వాల్లోని భూములు ఒకదాని మీదకి ఒకటి వస్తాయి, ఎనిమిది గంటల గడువు ఉంటుంది. ఆలోపు ఒక భూమి పోతే రెండు విశ్వాలూ మిగులుతాయి, లేకపోతే రెండూ పోతాయి. కథకి ఆయువుపట్టు ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇక్కడ మంచివాళ్లు కూడా ఒక భూమిని చంపాలా వద్దా అని ఆలోచించాల్సి వస్తుంది. 1984లో మొదలైన పాత ‘సీక్రెట్ వార్స్’ (12 సంచికలు) సరదాగా ఉంటుంది గానీ దీనికి అంత అవసరం లేదు. కొనేటప్పుడు ‘సీక్రెట్ వార్స్’ అన్న పేరు ఒక్కటే చూసి తీసుకుంటే పాతది చేతికొస్తుంది, కవరు మీద హిక్‌మన్ పేరు చూసి తీసుకోండి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో విడి సంచికలు దొరుకుతుంటాయి కానీ వరస దొరకదు, మూడోది దొరికితే నాలుగోది ఉండదు. వరసగా చదవాలంటే సంకలనం కొనాలి, లేదా మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్ నెలకి తీసుకుని చదివేసి ఆపేయాలి.

చదివే ఓపిక లేనివాళ్లకి చూడాల్సిన జాబితా చాలా పెద్దదని భయపెడుతుంటారు. అంత లేదు. ‘డాక్టర్ స్ట్రేంజ్ ఇన్ ద మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ (2022) ఇన్‌కర్షన్ కోసం, ‘థండర్‌బోల్ట్స్’, ‘ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్’ (రెండూ 2025) పాత్రల కోసం. ఈ మూడూ కలిపి దాదాపు ఆరు గంటలు, ఒక ఆదివారం పని. ‘ఫస్ట్ స్టెప్స్’లో టైటిల్స్ మధ్య వచ్చే సీన్ వదిలేయకండి. రీడ్ కొడుకు, పిల్లాడు ఫ్రాంక్లిన్ ముందు ఆకుపచ్చ అంగీ వేసుకున్నవాడు ముసుగు చేత్తో పట్టుకుని కూర్చుంటాడు. ‘థండర్‌బోల్ట్స్’ ఆఖరి సీన్ కూడా అంతే, అక్కడ ఫెంటాస్టిక్ ఫోర్ నౌక ఈ విశ్వంలోకి దిగుతుంది. ‘లోకి’ రెండు సీజన్లు, 12 ఎపిసోడ్లు, సమయం ఉంటే చూడండి. ‘ద మార్వెల్స్’లో టైటిల్స్ మధ్య వచ్చే సీన్ చాలు, మొత్తం సినిమా చూడమని ఎవర్నీ బలవంతపెట్టను.

థియేటర్ దగ్గరికొద్దాం. ప్రసాద్స్‌ని ఇప్పటికీ అందరూ ఐమాక్స్ అనే అంటారు గానీ, అక్కడ ఇప్పుడున్నది పీసీఎక్స్ అనే వాళ్ల సొంత పెద్ద తెర. 2022 డిసెంబరులో ‘అవతార్’ రెండో భాగంతో మొదలైంది. తెర వెడల్పు 101.6 అడుగులు, ఎత్తు 64 అడుగులు, రెండు 4కే లేజర్ ప్రొజెక్టర్లు. ఇంత తెర ఉన్నా సినిమా దాన్ని నింపుతుందా అన్నది వేరే ప్రశ్న. ‘ఇన్ఫినిటీ వార్’, ‘ఎండ్‌గేమ్’ రెండూ పూర్తిగా ఐమాక్స్ డిజిటల్ కెమెరాలతో తీసినవే. అయినా నిలువు ఎక్కువున్న 1.90 ఫ్రేము (వెడల్పు ఎత్తుకి 1.90 రెట్లు) ఐమాక్స్ హాళ్లకే ఇచ్చి, మిగతావాటికి వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లుండే స్కోప్ ప్రింటే పంపారు. అదే స్కోప్ పీసీఎక్స్ మీద పడితే 101.6ని 2.39తో భాగించండి, బొమ్మ ఎత్తు సుమారు 42న్నర అడుగులు. తెర 64 అడుగులు కాబట్టి మూడోవంతు ఖాళీ. అప్పటికీ మిగతా మల్టీప్లెక్సుల కంటే పెద్ద బొమ్మే, కానీ ‘తెర మొత్తం నిండుతుంది’ అనుకుని వెళ్తే ఉసూరుమంటారు. బుకింగ్ తెరిచాక ఫస్ట్ డే ఫస్ట్ షో చూసొచ్చినవాళ్లు పైనా కిందా నల్లపట్టీలున్నాయో లేదో ఎలాగూ రాస్తారు. తొందర లేనివాళ్లు రెండోరోజు దాకా ఆగి నిర్ణయించుకోవచ్చు.

సీటు విషయంలో అంత పెద్ద తెరకి దగ్గర వరసలు వద్దు. తెరనుంచి 88 అడుగుల దూరంలో కూర్చుంటే బొమ్మ మీ చూపులో 60 డిగ్రీలు ఆక్రమిస్తుంది, 140 అడుగుల దగ్గర 40 డిగ్రీలు. ఈ రెంటికీ మధ్య ఎక్కడైనా బాగుంటుంది. హాలు పొడవులో మూడింట రెండొంతులు వెనక్కి, మధ్య సీట్లు అనుకోండి. 3డీ జోలికి పోకండి. మార్వెల్ సినిమాలు చాలావరకు 2డీలో తీసి తర్వాత 3డీకి మార్చినవే. పైగా కళ్లజోడు పెట్టుకోగానే వెలుతురు బాగా తగ్గిపోతుంది. 2డీకి ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు (తెర వెలుతురు కొలత) అయితే 3డీలో 4, 5కి పడిపోవడం మామూలే. డూమ్ ముదురాకుపచ్చ అంగీ రాత్రి సీన్లలో నల్లటి ముద్దలా కనిపిస్తే తప్పు కెమెరాది కాదు.

గచ్చిబౌలి వైపు ఉండేవాళ్లకి ఏఎంబీ, అమీర్‌పేట వైపు వాళ్లకి ఏఏఏ చాలు, ట్రాఫిక్‌లో గంటన్నర వేసుకుని ప్రసాద్స్‌కి రావాల్సిన పని లేదు. మల్టీప్లెక్స్‌లో సాధారణ సీటు గరిష్ఠ ధర 250, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 295. రిక్లైనర్‌కి 300 ప్లస్ పన్ను. యాప్‌లో కన్వీనియన్స్ ఫీజు అదనం, నలుగురికి తీస్తే అదే ఇంకో పాప్‌కార్న్ ఖర్చు. కౌంటర్లో తీసుకుంటే అది తప్పుతుంది కానీ మొదటి వారం కౌంటర్‌ని నమ్ముకోవడం కష్టం.

మొదటి వారమే ఎందుకంటే, అదే డిసెంబరు 18కి ‘డ్యూన్’ మూడో భాగం కూడా ప్రకటించారు. పీసీఎక్స్ ఒక్కటే, పెద్ద సినిమాలు రెండు. షోలు పంచుతారు. ఆ వెంటనే క్రిస్మస్ వారంలో తెలుగు సినిమాలు దిగితే హాలీవుడ్ బొమ్మకి పెద్ద తెర మీద మార్నింగ్ షో ఒక్కటే మిగలొచ్చు. శుక్ర, శనివారాలు దొరక్కపోతే సోమ, మంగళవారం మ్యాట్నీ చూసుకోండి. రాత్రి తొమ్మిదిన్నర షోకి వెళ్తే మూడు గంటల సినిమా, ఇంటర్వెల్ కలిపి పన్నెండున్నర దాటుతుంది. అప్పటికి మెట్రో ఉండదు, ఖైరతాబాద్ స్టేషన్‌కి ఆటో మాట్లాడుకుని లాభం లేదు, క్యాబ్‌కి డబ్బులు ఉంచుకోండి.

ఇంటర్వెల్ గురించి కూడా చెప్పాలి. హాలీవుడ్ సినిమాల్లో ఇంటర్వెల్ కథలో ఉండదు, ఇక్కడ ఎక్కడో ఒకచోట ఆపాల్సిందే. అందుకే ఒక్కోసారి ఫైట్ మధ్యలో, ఒక్కోసారి డైలాగు సగంలో లైట్లు వెలుగుతాయి. సినిమా మళ్లీ మొదలయ్యేటప్పుడు అదే సీన్ కొనసాగుతుంది కాబట్టి ఆలస్యంగా వస్తే ముఖ్యమైన మాట పోతుంది. ఆఖర్లో టైటిల్స్ పడగానే సిబ్బంది తలుపులు తీసేస్తారు, లైట్లు వేస్తారు, ముందువరసలవాళ్లు లేచి నిలబడతారు. పోస్ట్ క్రెడిట్ సీన్ కావాలంటే కదలకుండా కూర్చోండి. ‘ఎండ్‌గేమ్’కి మాత్రం సీన్ లేదు, సుత్తి చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఇక భాష. తెలుగు డబ్బింగ్‌లో ఎప్పుడూ వచ్చే ఇబ్బంది పెదాలు. ఇంగ్లీషులో రెండు మాటల్లో అయిపోయేది తెలుగులో నాలుగవుతుంది. ప, బ, మ లాంటి పెదాలు మూసే అక్షరాలు అవతలి నోటి కదలికకి సరిపోవాలి. అందుకే మాటల రచయితలు అసలు అర్థం వదిలేసి కుదిరిన వాక్యం పెడతారు, లేదా మన సినిమా డైలాగు అతికిస్తారు. స్పైడర్‌మ్యాన్ నోట అది సరదాగానే ఉంటుంది. డూమ్ నోట వస్తే పాత్ర చచ్చిపోతుంది. అతను తనని తాను ‘డూమ్’ అని మూడో మనిషిలా పిలుచుకుంటూ రాజులా మాట్లాడతాడు, అతని నోట కాస్త గ్రాంథికం కలిసినా ఒప్పుతుంది. అదృష్టం ఏంటంటే ముసుగు ఉన్నంతసేపూ పెదాల గొడవే లేదు. డబ్బింగ్ కళాకారుడికి ఇంతకంటే సులువైన పాత్ర ఉండదు, రచయిత నచ్చినంత నిండైన వాక్యం రాసుకోవచ్చు. ఒకటే షరతు: లోహం వెనకనుంచి వచ్చే ఆ మోత తెలుగు గొంతుకీ వేయాలి. మిక్సింగ్‌లో అది మరిచిపోతే ముసుగు వేసుకున్నవాడు రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంటుంది.

పైన చెప్పిన ఆ ఒక్క గొంతు సంగతి ఇది. 2018లో ‘ఇన్ఫినిటీ వార్’ విలన్ థానోస్‌కి తెలుగులో రానా చెప్పారు, ఆ గొంతు బరువు పాత్రకి నప్పింది. ఇప్పుడు డూమ్‌కీ అలాగే పెద్ద స్టార్‌ని పెట్టాలని ప్రచారం కోసం అనిపించవచ్చు. కానీ ఇంగ్లీషులో ప్రేక్షకుడికి ఒళ్లు జలదరించేదే టోనీ గొంతు విలన్ నోట వినిపించడం. తెలుగులో టోనీకి చెప్పిన కళాకారుడి చేతే డూమ్‌కీ చెప్పిస్తే ఆ దెబ్బ మనకీ తగులుతుంది, కొత్త గొంతు పెడితే ఆ ముడి మొత్తం ఊడిపోతుంది. తెలుగు ట్రైలర్ రాగానే పాత ‘ఎండ్‌గేమ్’ తెలుగు క్లిప్ ఒకటి పక్కన పెట్టుకుని విని చూడండి. గొంతు అదే అయితే పిల్లల్ని తీసుకుని తెలుగు షోకే వెళ్లండి, కాకపోతే ఇంగ్లీషు షో బుక్ చేయండి. సర్టిఫికెట్ యూఏ 13+ వచ్చినా పదేళ్ల పిల్లాణ్ని ఆపరు, అది పెద్దవాళ్లకి ఇచ్చే సూచన మాత్రమే. బుక్ చేసేటప్పుడు భాష, 2డీ, స్క్రీన్ పేరు మూడూ డబ్బు కట్టే ముందు ఇంకోసారి చూసుకోండి. ఒకే టైముకి తెలుగు 3డీ, ఇంగ్లీషు 2డీ పక్కపక్కనే కనిపిస్తుంటాయి, వేలు జారితే వెనక్కి తీసుకునే వీలు అన్నిసార్లూ ఉండదు.