రోబో కొనే ముందు ఒకసారి తలెత్తి చూడు, అల్లుడూ

గుంటూరు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన గడ్డి కోసే రోబోల లింకులన్నీ తీరిగ్గా చూశాను. "వీటిలో ఏది మంచిది మావయ్యా" అని అడిగావు. అన్నీ మంచివే. మీ తాడేపల్లి ఇంటికి ఏది నప్పుతుందో చెప్పాలంటే మాత్రం ఆ లింకులు చాలవు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, తోట చుట్టూ వైరు పాతకుండా తిరిగే రోబోల సంగతి సరిగ్గా అదే. షోరూమ్‌లో అద్భుతంగా తిరుగుతుంది, ఇంటికి తెచ్చాక మామిడి చెట్టు కింద నిలబడి "సిగ్నల్ లేదు" అంటుంది. (సామెత నిన్ను ఉద్దేశించి కాదులే.)

ముందు అసలు అవసరమా అన్నది తేల్చుకో. నీకున్న లాన్ రెండు మూడు సెంట్లే అయితే గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? వారానికోసారి తోటమాలి వచ్చి కోసి వెళ్తాడు, లేదా చేత్తో తోసే రీల్ మిషన్ పెట్టుకుంటే నీకూ వ్యాయామం. అక్క చెప్పినదాన్ని బట్టి మీ ముందు, వెనక కలిపి పది సెంట్ల దాకా గడ్డి వేస్తున్నారట. అంతుంటే రోబో గురించి ఆలోచించవచ్చు. పెట్టెల మీద చదరపు మీటర్లు వేస్తారు, మనం సెంట్లలో మాట్లాడుకుంటాం. సెంటుకి 40 మీటర్లకు కాస్త పైన అనుకో, పది సెంట్లంటే 405. అలాగని 400 రాసి ఉన్నదాన్ని కొనకు. ఆ అంకె దాని గరిష్ఠ శక్తి. శ్రావణ భాద్రపదాల్లో మన గడ్డి పెరిగే జోరుకి అది రోజంతా ఆపకుండా తిరగాల్సి వస్తుంది. 600 నుంచి 800 ఉన్నది చూడు.

వైరు లేనిది కావాలన్న నీ పట్టుదల మాత్రం నాకు నచ్చింది. స్వీడన్ కంపెనీ హస్క్‌వర్నా 1995లో ఎండతో నడిచే రోబోని తెచ్చాక చాలా ఏళ్ళపాటు ఈ మిషన్లలో వైరుదే రాజ్యం. తోట చుట్టూ పాతిన వైరులో కాస్త కరెంటు పారుతుంటే, ఆ గీత దాటకుండా మిషన్ తిరిగేది. మన దగ్గర అది నిలవదు. తోటమాలి పలుగు వేసిన చోటల్లా తెగుతుంది, మిగిలింది పందికొక్కులు చూసుకుంటాయి. ఎక్కడ తెగిందో వెతుక్కోవడం పెద్ద టెన్షన్.

వైరు తీసేశాక, తను ఎక్కడుందో ఆ మిషన్‌కి ఎలా తెలుస్తుంది? ఎంపిక అంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది. దారులు మూడు.

మొదటిది శాటిలైట్. నీ ఫోన్లో జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. ఆ లెక్కన గడ్డి కోస్తే మీ బంతి మొక్కలు మిగలవు. అందుకని ఆర్‌టీకే అనే పద్ధతి పెట్టారు. కదలకుండా ఒకచోట నిలిపిన యాంటెన్నా అవే శాటిలైట్లను విని, లెక్కలో తప్పు ఎంతుందో ఎప్పటికప్పుడు రోబోకి చెబుతుంటుంది. దాంతో తేడా రెండు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. మన భూముల రీసర్వేలో సర్వేయర్లు కర్రకు తగిలించుకుని పొలాల్లో తిరిగిన రోవర్లు చూశావుగా, అదే విద్య. అయితే దీనికి ఆకాశం కనబడాలి. చెట్టు గుబురు కింద, రెండంతస్తుల గోడ పక్కన సిగ్నల్ తగ్గుతుంది, లేదా గోడకు తగిలి తిరిగొచ్చి లెక్క తప్పిస్తుంది.

రెండోది కెమెరా. గడ్డి ఏదో, మట్టి ఏదో, మనిషి ఎవరో చూసి గుర్తుపడుతుంది. యూఫీ వాళ్ళ ఈ15 లాంటివి కెమెరాల మీదే ఆధారపడతాయి, యాంటెన్నా గొడవ లేదు. వెలుతురు కావాలి కాబట్టి చీకటి పడ్డాక పని చేయవు. మనకు ఇంకో చిక్కుంది. రోహిణి కార్తెలో లాన్ సగం ఎండి గోధుమ రంగులోకి తిరుగుతుంది, అప్పుడు ఏది లాన్, ఏది మట్టి అని కెమెరా తడబడుతుంది.

మూడోది లైడార్. లేజర్ కిరణాలు చుట్టూ పంపి, గోడలు, చెట్ల మొదళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి మ్యాప్ గీసుకుంటుంది. డ్రీమి కంపెనీ ఏ1 ఈ రకం. చీకటైనా, చెట్టు నీడైనా దానికి ఒకటే. చుట్టూ ఏమీ లేని మైదానంలో వదిలితే మాత్రం ఆనవాళ్ళు దొరక్క దిక్కు తప్పుతుంది.

ఇప్పుడు మీ ఇల్లు చూద్దాం. ముందు భాగం ఆరుబయలుగా ఉంది, శాటిలైట్‌కి బంగారంలాంటి చోటు. వెనక బావగారు నాటిన మామిడి, రెండు కొబ్బరి చెట్లు, ఎత్తైన ప్రహరీ. రెంటినీ కలిపేది పక్క సందు. అక్కడ మోటారు, ఏసీ బాక్సు, పై నుంచి సన్‌షేడు. శాటిలైట్ ఒక్కటే నమ్ముకున్న మిషన్ ఆ సందులోనే ఆగిపోతుంది. అందుకని శాటిలైట్‌తో పాటు కెమెరా ఉన్నదో (సెగ్వే నావిమోలో, మామోషన్ లూబాలో ఇలాంటివి ఉన్నాయి), లేకపోతే లైడార్ ఉన్నదో తీసుకో. నన్నడిగితే మీ ఇంటికి లైడార్‌కే నా ఓటు. నాలుగు వైపులా ప్రహరీ ఉన్న తోటల్లో దానికి ఆనవాళ్ళకు కొదవుండదు.

నా మాట మీద నిర్ణయించకు, నువ్వే పరీక్షించు. శాటిలైట్ల సంఖ్య చూపించే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని లాన్‌లో మూల మూలకూ వెళ్ళి నిలబడు. ముందు భాగంలో ఎన్ని వస్తున్నాయో, మామిడి కింద ఎన్నికి పడిపోతున్నాయో రాసుకో. యాప్ లేకపోయినా తలెత్తి చూస్తే చాలు, నెత్తిమీద సగం ఆకులే కనిపిస్తే రోబోకీ అంతే. మామిడి చిగురు వేసి గుబురెక్కిన రోజుల్లో చూస్తే ఇంకా నికార్సయిన లెక్క. అమరావతి రోడ్డులో ఒక మిత్రుడి తోటలో మిషన్ పెట్టించేటప్పుడు దగ్గరే ఉన్నాను. డీలర్ పంపిన కుర్రాడు సులువని యాంటెన్నాని పోర్టికో గోడకు బిగించి వెళ్ళాడు. ఇల్లే సగం ఆకాశాన్ని మూసేసింది. మిషన్ పది అడుగులు వెళ్ళడం, ఆగడం, వెనక్కి తిరగడం, మళ్ళీ ఆగడం. యాంటెన్నాని మేడ మీద వాటర్ ట్యాంకు కంటే ఎత్తున పెట్టించాక లాన్ అంతా కుదిరింది, సపోటా చెట్టు కింద తప్ప. అక్కడ ఇప్పటికీ తోటమాలే కోస్తున్నాడు.

యాంటెన్నా మేడ మీద పెడితే రెండు జాగ్రత్తలు. ఏప్రిల్, మే నెలల్లో గాలివానతో పాటు పిడుగులు పడతాయి, మబ్బు పట్టగానే ప్లగ్ తీసెయ్యాలి. కరెంటు పోతే యాంటెన్నా కూడా ఆగుతుంది, మిషన్ తోట నడిమధ్యలో నిలబడిపోతుంది. దానికి పెద్ద కరెంటేమీ అక్కర్లేదు, ఇన్వర్టర్ లైనుకి కలిపించు. సొంత యాంటెన్నా లేకుండా మొబైల్ నెట్ ద్వారా ఆ సవరణ అందుకునే మోడళ్ళూ ఉన్నాయి. ఆ సేవ మన దేశంలో ఇస్తున్నారో లేదో కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టు.

నేల సంగతి. మీది నల్లరేగడి. ఎండకి పగుళ్ళు, వానకి బంక. చిన్న చక్రాల మిషన్ పగుళ్ళలో దిగబడుతుంది, బురద పట్టిన చక్రం జారుతుంది. గడ్డి వేయకముందే ఎర్రమట్టి, ఇసుక కలిపి నాలుగైదు అంగుళాలు పోయించి, రోలర్ తిప్పించి చదును చేయించు. మిషన్ మీద పెట్టే ఖర్చులో కొంత ఇక్కడ పెడితే నష్టం లేదు. నాలుగు చక్రాలూ తిరిగే రకం వాలు కోసమని అమ్ముతారు. నీ ఇల్లు ఉండవల్లి కొండ మీద లేదుగా, వాలు కోసం వద్దు. బురద కోసమైతే ఆలోచించు. వాలుని శాతంలో రాస్తారు, డిగ్రీలనుకునేవు. 45 శాతం అంటే 24 డిగ్రీలే.

అమ్మాయి కొరియన్ గ్రాస్ కావాలంటోందట. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ గుట్టలు గుట్టలుగా పెరుగుతుంది. రోబో బ్లేడు ఆ గుట్టల తలలు గొరిగి, గుంటల్లో గడ్డి వదిలేస్తుంది. మెక్సికన్ గ్రాసో, సన్న గరికో అయితే పరుపులా సమంగా పరుచుకుంటుంది. గరికకి కోత ఎత్తు 30, 40 మిల్లీమీటర్లు చాలు. వెడల్పాకు బఫెలో రకమైతే 50, 60 కావాలి. కొనే మిషన్ ఆ ఎత్తుకి లేస్తుందో లేదో చూసుకో. మనం నెలకోసారి నరికే అలవాటు మానాలి. ఒక్క కోతలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదన్నది లాన్ వాళ్ళందరూ పాటించే లెక్క. రోబో రోజూ కొసలు కొద్దికొద్దిగా తీసి అక్కడే రాలుస్తుంది. అది ఎరువవుతుంది, గంపలకెత్తే పని ఉండదు. ఊరెళ్ళి వచ్చేసరికి గడ్డి మోకాలెత్తు పెరిగితే మాత్రం మొదటి కోత మామూలు మిషన్‌తోనే.

బ్లేడ్లు గడ్డం గీసుకునే బ్లేడంత పల్చనివి, ఒక చక్రానికి వేలాడుతుంటాయి. మన దుమ్ముకి, ఇసుకకి త్వరగా మొద్దుబారతాయి. ఎలా తెలుస్తుందంటావా? కోసిన మర్నాడు ఒక పోచ తుంచి కొస చూడు. నున్నగా తెగి పచ్చగా ఉంటే బ్లేడు బాగున్నట్టు. కొస చీలి, పీచులు తేలి, తెల్లబారితే మార్చే వేళయినట్టు. నెలకో రెండు నెలలకో మార్చాలి కాబట్టి ఏడాదికి సరిపడా బ్లేడ్లు మిషన్‌తోనే కొనెయ్యి. విజయవాడలో ఎవరో తెప్పిస్తారులే అని కూర్చోకు.

వేళల విషయంలో యూరప్ వాళ్ళ అలవాట్లు మనకి కుదరవు. విజయవాడ మే ఎండలో లిథియం బ్యాటరీ ఛార్జింగ్ పెట్టడం దానికి చేటు. ఛార్జింగ్ స్టాండు ఉత్తరం గోడ నీడలో, పైన చిన్న రేకు కప్పుతో ఉండాలి. అయితే శాటిలైట్ రకం స్టాండు నీడ కోసమని సన్‌షేడు కిందకి తోస్తే అక్కడ సిగ్నల్ అందదు. లైడార్ అనడానికి నాకు ఇది ఇంకో కారణం. ఉదయం మంచు ఆరాక ఓ రెండు గంటలు, సాయంత్రం ఎండ వాలాక ఓ గంట తిప్పు. తడి గడ్డి ముద్దలుగా బ్లేడుకి పడుతుంది. రాత్రి మాత్రం వద్దు. జర్మనీలో కొన్ని ఊళ్ళలో హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ళ జంతువులు చస్తున్నాయని రాత్రిళ్ళు నడపడం నిషేధించారు. మన తోటల్లో రాత్రి తిరిగేవి కప్పలు. వాటి కోసం వచ్చేవాటి గురించి నీకు చెప్పక్కర్లేదు.

పిల్లలు ఆడుకునేటప్పుడు మిషన్ స్టాండులోనే ఉండాలి. ఎత్తితే బ్లేడ్లు ఆగిపోతాయి, మనిషిని చూసి పక్కకు తప్పుకుంటుంది, నిజమే. అయినా ఆ నమ్మకం పసిపిల్లల కాళ్ళ మీద పరీక్షించేది కాదు. నేల మీద పడున్న నీళ్ళ గొట్టం, తీగ మీంచి జారిన తువ్వాలు, మామిడి టెంకలు, కొబ్బరి మట్టలు, ఇవన్నీ ముందు తీసెయ్యాలి. పల్చగా, నేలకు అంటుకుని ఉన్నవి ఏ కెమెరాకీ సరిగ్గా ఆనవు.

ఇక అమెరికా నుంచి మీ తమ్ముడు తెస్తానంటున్న మాట. అక్కడ చిన్న మోడళ్ళు వెయ్యి డాలర్ల దరిదాపుల్లో వస్తున్నాయి, ఆశ పుట్టడం సహజం. కానీ విమానంలో ప్రయాణికులు 160 వాట్ అవర్స్ దాటిన లిథియం బ్యాటరీ తేకూడదు, 100 దాటితేనే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. బ్యాటరీ మీద రాసిన వోల్టుల్ని ఆంపియర్ అవర్స్‌తో గుణిస్తే వాట్ అవర్స్ వస్తాయి. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్స్ అయితే 90, ఫరవాలేదు. 36 వోల్టులైతే 180, విమానాశ్రయంలోనే ఆపేస్తారు. ఛార్జర్ మీద 100-240 వోల్టులని ఉందో, 120 ఒక్కటే ఉందో చూడమను. అన్నిటికంటే పెద్ద చిక్కు రేడియోది. అమెరికా యాంటెన్నాలు రోబోతో మాట్లాడడానికి ఎక్కువగా 915 మెగాహెర్ట్జ్ దగ్గర వాడతాయి. ఆ దరిదాపుల్లో ఇక్కడ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలింది 865 నుంచి 868. పైగా పాడైతే ఇక్కడ బాగుచేసే దిక్కుండదు. నా మాట విని కాస్త ఎక్కువైనా ఇక్కడి వారంటీతో, ఇక్కడి బిల్లుతో తీసుకో. డెమో అడుగు, షోరూమ్‌లో కాదు, మీ పక్క సందులో. ఇంటికి రాలేమంటే ఆ డీలర్‌ని వదిలెయ్.

యాప్, పాస్‌వర్డ్, దొంగ ఎత్తుకెళ్తే మోగే అలారం లాంటివి నాకంటే నీకే బాగా తెలుసు.

గోడ వారన ఎంత మంచి మిషనైనా జానెడో బెత్తెడో గడ్డి వదిలేస్తుంది. దానికి మందు మిషన్‌లో లేదు, మేస్త్రీ దగ్గరుంది. గోడ పొడవునా అడుగు వెడల్పున టైల్స్ లాన్‌తో సమానమైన ఎత్తులో వేయిస్తే చక్రం దాని మీదెక్కి అంచు దాకా కోస్తుంది. పక్క సందులోకి దిగేచోట మెట్టు ఉందని చెప్పావు. రెండంగుళాల మెట్టు కూడా దీనికి కష్టమే, అక్కడ వాలుగా సిమెంటు పోయించు. సందు ఎక్కడా మీటరు కంటే సన్నబడకుండా ఆ సిమెంటు కుండీలు తీయించు. మేడ మీద నుంచి స్టాండు దాకా కేబుల్ కోసం గట్టి పీవీసీ పైపు ఒకటి వేయించు, పందికొక్కులు పైపు లేని కేబుల్‌ని వారం ఉంచవు. లైడార్ కొన్నా సరే పైపు వేయించు, రేపు మిషన్ మార్చినా పనికొస్తుంది. టైల్స్ వాళ్ళు వచ్చే సోమవారం దిగుతారని అక్క చెప్పింది కాబట్టి ఈ పైపు సంగతి ఆదివారంలోగా ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడు.

ఇట్లు,
మీ మావయ్య