ఇంజిన్ దించే ముందు కెమెరా దించండి

టెక్ సందేహాలు

ప్రశ్న: అన్నా, మాది ఒడిశాలోని జయపురం. 2012 స్ప్లెండర్ ప్లస్ ఉంది. మా మామయ్య సాలూరులో కొన్న బండి, ఇప్పటికీ ఏపీ 35 నంబరే. పోయిన నెల సాలూరు నుంచి వస్తూ సుంకి ఘాట్ ఎక్కుతుంటే కింద టకటకమని చప్పుడొచ్చి ఇంజిన్ పట్టేసింది. అరగంట ఆగితే కిక్ తిరిగింది గానీ స్టార్ట్ కాలేదు. ఇక్కడ మెకానిక్ ‘ఇంజిన్ మొత్తం పోయింది, ఇంకోటి చూసుకో’ అన్నాడు. పాత సామాన్ల షాపులో అదే మోడల్ ఇంజిన్ 8 వేలకు ఇస్తామంటున్నారు. వీడియోలు చూసి ఇంట్లోనే మార్చుకోవచ్చా? ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పే యాప్‌లు ఉన్నాయట, నమ్మొచ్చా? ఫోన్‌కి పెట్టే వైరు కెమెరా కొనమంటారా?

జవాబు: కెమెరా కొనండి, యాప్ వద్దు. ఇంజిన్ సంగతి మాత్రం నాలుగు రోజులు ఆపండి.

ముందు యాప్ సంగతి తేల్చేద్దాం. మీది ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, అంటే రెండు చుట్లకు ఒకసారి లోపల పెట్రోలు పేలుతుంది. స్లో, అంటే యాక్సిలరేటరు తిప్పకుండా నడిచే వేగం, నిమిషానికి 1400 చుట్ల దగ్గర ఉందనుకుంటే నిమిషానికి 700 పేలుళ్లు, సెకనుకు పన్నెండు కూడా కావు. ఫోన్ మైకు మనిషి మాట కోసం పెట్టినది. అంత లోతు చప్పుడు దానికి సరిగా అందదు, దానికి రెట్టింపు, మూడింతల వేగంలో పుట్టే పై స్వరాల నుంచి లెక్క కట్టుకోవాలి. చుట్లు ఎన్నో చెప్పేవరకు ఈ యాప్‌లు పరవాలేదు. ‘మీ కనెక్టింగ్ రాడ్డు అరిగింది’ అని చెప్పే యాప్ కంటే, చెవికి స్క్రూడ్రైవర్ పిడి ఆనించుకుని వినే మీ ఊరి మెకానిక్కే నయం. పైగా మీ బండి స్టార్టే కావడం లేదు. యాప్ దేన్ని వింటుంది?

వేడిలో పట్టేసి, చల్లారాక తిరిగిందన్నారు చూశారా, అసలు కబురు అక్కడుంది. పిస్టన్ అల్యూమినియంది, అది తిరుగాడే స్లీవ్ పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఎక్కువ ఉబ్బుతుంది. ఘాట్‌లో రెండో గేర్ మీద ఎక్కుతూ, లోపల ఆయిల్ తక్కువై ఉంటే పిస్టన్ ఉబ్బి గోడను పట్టేసుకుంటుంది. చల్లారితే వదులుతుంది. వదిలింది కాబట్టి బాగుందని కాదు, గోడ మీద గీతలు పడే ఉంటాయి. ఎంత లోతు గీతలన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చూడకుండానే ‘ఇంజిన్ మొత్తం పోయింది’ అనేసిన మెకానిక్ మాట నేను ఒప్పుకోను.

చూడ్డానికే ఆ వైరు కెమెరా. ఎండోస్కోప్ అని అమ్ముతారు. తల 5.5 మిల్లీమీటర్ల మందం ఉన్నదే తీసుకోండి. మీ బండి స్పార్క్ ప్లగ్ రంధ్రం సన్నం, లావు తల దూరదు. మీ ఫోన్‌కి ఓటీజీ, అంటే బయటి పరికరాన్ని తగిలించుకునే వీలు, ఉందో లేదో ముందు చూసుకోండి, లేకపోతే అది పెట్టెలోనే ఉండిపోతుంది. ప్లగ్ విప్పే ముందు దాని చుట్టూ ఉన్న ఇసుక, మట్టి గాలి కొట్టించి ఊదేయండి. ప్లగ్ తీశాక కిక్ నెమ్మదిగా చేత్తో నొక్కుతూ పిస్టన్‌ను కిందికి దించి, అప్పుడు కెమెరా దూర్చండి. తల చుట్టూ ఉన్న లైట్లు పూర్తిగా పెంచితే గోడ తళతళలాడి ఏమీ కనపడదు, సగానికి తగ్గించండి. మరీ దగ్గరికి తోస్తే మసకబారుతుంది. బాగున్న గోడ మీద సన్నటి అడ్డగీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. పట్టేసిన ఇంజిన్‌లో పిస్టన్ నడిచే దారి పొడుగునా నిలువు చారలు కనిపిస్తాయి. చారలకు వెండిలా మెరిసే పూత అంటుకుని ఉంటే అది పిస్టన్ నుంచి కరిగొచ్చిన అల్యూమినియమే.

అంతవరకే అయితే పని లేత్ షాపుది. బోర్ కొట్టించి, అంటే గోడను కాస్త వెడల్పుగా తొలిపించి, 0.25 గానీ 0.50 గానీ మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు, లేదంటే బ్లాక్ (పిస్టన్ తిరిగే సిలిండరు), పిస్టన్ కలిసిన కిట్టే మార్చేస్తారు. ఈ పనికి చాలాసార్లు ఇంజిన్ ఫ్రేమ్‌లోంచి దించే అవసరం కూడా ఉండదు.

అయితే పట్టేయక ముందు కింద టకటకమన్నదని రాశారు. అది నాకు నచ్చలేదు. బ్లాక్ తీసినప్పుడు పక్కనే నిలబడి ఒక్క పని చేయించండి. పిస్టన్‌ను కింది క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డును రెండు వేళ్లతో పట్టుకుని పిస్టన్ నడిచే దిక్కులోనే లాగి, నెట్టి చూడాలి. పక్కలకు కొంచెం ఊగితే అది ఉండాల్సిన వదులే. లాగి నెట్టే దిక్కులో మాత్రం వెంట్రుకంత కూడా కదలకూడదు. ‘టక్’ మన్నదా, కింద బేరింగ్ పోయినట్టే. అప్పుడు ఇంజిన్ దించాలి, ఇంజిన్ కింది పెట్టె అయిన క్రాంక్ కేసును రెండుగా విప్పాలి, అందులో తిరిగే ఇరుసు, అదే క్రాంక్, తీసి ప్రెస్ మీద కొత్త రాడ్ కిట్ ఎక్కించాలి.

ఇంత చేసే బదులు 8 వేలకు ఇంకో ఇంజినే నయం కదా అంటారు. కాదు. ఇంజిన్ నంబరు చెక్కి ఉండేది క్రాంక్ కేసు మీద. పిస్టన్, బ్లాక్, హెడ్, క్రాంక్, గేర్లు అన్నీ మార్చినా నంబరు మీదే, ఆర్సీ మీదే. పాత షాపు ఇంజిన్ బిగించిన మరుక్షణం మీ బండి కింద ఇంకొకరి నంబరు ఉంటుంది. రాడ్డు విరిగి కేసుకు బొక్క పెట్టిందా, కేసు పగిలి ఆయిల్ కారుతోందా, అప్పుడే ఇంజిన్ మార్పు గురించి ఆలోచించండి.

కేసే పోయిందనుకుందాం. అప్పుడు డబ్బిచ్చే ముందు షాపులో ఫోన్ తియ్యండి. ఇంజిన్ నంబరు మీద మట్టి తుడిచి, లైటు పక్క నుంచి వేసి ఫోటో తీయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే చెక్కుడు కనపడదు. అక్షరాల చుట్టూ ఆకురాయి గీతలున్నా, అంకెలు ఒకే వరసలో లేకున్నా ఊరికే ఇచ్చినా పట్టుకురావద్దు. అది ఏ బండిదో వాళ్లను అడగండి, ఆ ఆర్సీ కాపీ అడగండి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ వాళ్ల ‘వాహన్ సమన్వయ్’ సేవలో పోయిన బండ్ల వివరాలు వెతకవచ్చు, అక్కడ సరిచూసుకోండి. ఇంజిన్ నంబరు రాసిన బిల్లు లేకుండా బేరం వద్దు. ‘మన దగ్గర ఎవడడుగుతాడు బాబూ’ అనే షాపువాడు మన సరిహద్దుకు అటూ ఇటూ ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. చెక్‌పోస్ట్‌లో అడిగేది మిమ్మల్ని, అతన్ని కాదు.

కాగితాల దగ్గర మీకు రెండు ముళ్లున్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన, ఆర్సీకెక్కిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి ఇంజిన్ కొనకముందే రవాణా ఆఫీసులో అడిగి, వాళ్లు ఒప్పుకున్న పద్ధతిలో ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. రెండోది, ఏపీ 35 బండి మీ జయపురంలో ఏళ్ల తరబడి తిరుగుతోంది. 47వ సెక్షన్ ప్రకారం 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, అంటే పాత ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ), ఆపైన మీ కొరాపుట్ జిల్లా ఓడీ 10 నంబరు. ఆ రిజిస్ట్రేషన్‌కి బండి పట్టుకెళితే చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు, ఇంజిన్ నంబరూ చూస్తారు. ఆర్సీలో ఒకటీ, కేసు మీద ఒకటీ ఉంటే అక్కడితో ఆగిపోతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేదీ అదే. కాబట్టి పాత ఇంజిన్‌నే బతికించుకుని, అదే నంబరుతో ఓడీ 10కి వెళ్లడం మీకు తేలిక.

ఇంట్లో దించవచ్చా అంటే, దించవచ్చు. నేనూ మా బామ్మర్దీ పర్లాకిమిడిలో మా పెరట్లోనే మా నాన్నగారి బండి ఇంజిన్ దించాం. బ్యాటరీ నెగటివ్ తీసి, ఆయిల్ దించి, పెట్రోలు ట్యాప్ కట్టి, కార్బ్యురేటరు, సైలెన్సరు, క్లచ్ కేబుల్, గేర్ రాడ్డు, చైను, వైర్ల కప్లర్లు విప్పుకుంటూ పోయాం. సైలెన్సరు నట్లు తుప్పు పట్టి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు నూనె కొట్టి ఉంచండి, బలం పెడితే స్టడ్డు విరిగి హెడ్డులో ఉండిపోతుంది.

నేను చేసిన తప్పులు రెండు. ప్రతి వైరుకూ ఫోటో తీశాను గానీ అన్నీ దగ్గర నుంచే. సాయంత్రం బిగించేటప్పుడు చూస్తే ఫోన్ నిండా రంగు వైర్లే, ఏది ఏ పక్కదో తెలియలేదు. ప్రతిదానికీ దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయండి. ఇంకా మంచిది, విప్పుతూ తెలుగులో గట్టిగా చెప్పుకుంటూ వీడియో తీయండి. రెండోది, కార్బ్యురేటరు తీశాక ఆ రంధ్రంలో గుడ్డ కుక్కడం మరిచిపోయాను. 10 నంబరు నట్టు ఒకటి దొర్లుకుంటూ లోపలికి పోయింది. వాల్వు మూసి ఉండబట్టి అక్కడే ఆగింది. పాడైపోయిన ఇయర్‌ఫోన్ పగలగొట్టి, అందులోని బిళ్లంత అయస్కాంతం సన్న స్క్రూడ్రైవర్ కొసకు అంటించి దాన్ని బయటికి లాగాం. ఈ శీర్షిక రాసేవాడికి పాత ఇయర్‌ఫోన్లు కొదవ ఉండవు కదా.

చివరి బోల్టు దగ్గర అందరూ సుత్తి తీస్తారు, తీయకండి. ఇంజిన్ బరువంతా ఆ బోల్టు మీదే ఉంటుంది, అందుకే రాదు. కింద చెక్క పెట్టి జాకీ అర చుట్టు లేపండి. బోల్టు వేలితో తోస్తే జారుతుంది. రాకపోతే ఇంకో పావు చుట్టు. ఎంత లేపాలో బోల్టే చెబుతుంది. అప్పుడు మాత్రం రెండో మనిషి ఉండాలి.

బిగించాక ఆయిల్ పోసి, ప్లగ్ లేకుండానే పాతిక కిక్కులు కొట్టి లోపలంతా తడవనివ్వండి. ఇకమీదట ఆయిల్ చూసేటప్పుడు మెయిన్ స్టాండ్ వేసి, కొలపుల్ల తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. బిగించి చూస్తే పుల్ల లోతుగా దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు కనిపిస్తుంది. మీ సుంకి ఘాట్ కథ ఇలాగే మొదలైందేమోనని నా అనుమానం.

ప్రశ్న: మాది గుణుపూర్. నాది 2021 బండి. కారుకి వాడే బ్లూటూత్ స్కానరు పెట్టి ఇంజిన్ లైటు ఎందుకు వెలుగుతోందో చూడొచ్చా?

జవాబు: నేరుగా కుదరదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్‌6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో కంప్యూటరు ఉంది గానీ, కారు స్కానరుకు 16 పిన్నుల ప్లగ్ కావాలి, బైకులకు ఎక్కువగా వచ్చేది 6 పిన్నులది. మధ్యలో మార్పిడి కేబుల్ పెట్టాలి. పెట్టినా అన్ని బండ్లూ ఆ యాప్‌లతో మాట్లాడవు. ముందు మీ బండి పుస్తకం తెరిచి ఆ లైటు గురించి ఏం రాశారో చూడండి. ఇంకో మాట: పైన జయపురం తమ్ముడికి చెప్పిన పాత ఇంజిన్ల బేరం మీకు అసలే వర్తించదు. కార్బ్యురేటరు కాలపు ఇంజిన్ మీ ఫ్రేమ్‌లో కూర్చున్నా, దాని సెన్సర్లు లేక మీ కంప్యూటరుకు ఏమీ తోచదు.

ప్రశ్న: హ్యాండిల్ మీద ఫోన్ బిగించి రాయగడ రోడ్డులో తిరుగుతుంటాను. ఈ మధ్య కెమెరా ఫోటోలు వణికినట్టు వస్తున్నాయి.

జవాబు: బండి అదురుడుకే. ఫోటో కదలకుండా ఆపే చిన్న యంత్రాంగం కెమెరా లెన్సు దగ్గర ఉంటుంది, అది అదురుడుకు దెబ్బతింటుంది. ఆపిల్ సంస్థే 2021లో ఐఫోన్లను శక్తిమంతమైన పెద్ద ఇంజిన్ల మోటార్‌సైకిళ్లకు బిగించవద్దని హెచ్చరించింది. దారి చూడ్డానికి ఇంట్లో పడున్న పాత ఫోన్ బిగించండి, మంచిది జేబులో పెట్టుకోండి.